పరుగెత్తే పిల్లల ఫొటోలు మసకగా వస్తున్నాయి: ఏఎఫ్-ఎస్, ఏఎఫ్-సి, ఏఎఫ్-ఏలలో ఏది ఎప్పుడు?

తొలివెలుగు

అందరికీ నమస్కారం. ఈమధ్యే ఫుల్‌ఫ్రేమ్ మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరా ఒకటి తీసుకున్నాను. దాదాపు ఎప్పుడూ దానికి 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్సే ఉంటుంది. కూర్చున్న మనిషిని తీస్తే కనురెప్పల వెంట్రుకలు కూడా విడివిడిగా కనిపిస్తున్నాయి. మా అక్క కూతురు నా వైపు పరుగెత్తుకుంటూ వస్తుంటే తీసినవి మాత్రం సరిగా రావడం లేదు. ముఖం మసకగా ఉంటోంది.

మెనూలో ఒకచోట ఆటోఫోకస్ (ఏఎఫ్) రకాలైన ఏఎఫ్-ఎస్, ఏఎఫ్-ఏ, ఏఎఫ్-సి, చేత్తో ఫోకస్ చేసుకునే ఎంఎఫ్ ఉన్నాయి. ఇంకోచోట వైడ్, జోన్, స్పాట్, ట్రాకింగ్ ఉన్నాయి. కెమెరాతో వచ్చిన పుస్తకంలో ఒక్కోదానికి ఒక్కో వాక్యం రాసి వదిలేశారు. ఈ రెండు జాబితాలనూ కలిపి చూస్తే తల తిరుగుతోంది. ఏ సందర్భానికి ఏది వాడాలో అంతా కంఠస్థం చేయాలా? లేక వీటి వెనక ఏదైనా పద్ధతి ఉందా?

గాజుకన్ను

కంఠస్థం అక్కర్లేదండీ. ముందు కొన్ని సంగతులు చెప్పండి. ఆ ఫొటోల్లో షట్టర్ వేగం ఎంత? పాప అంచులు ఒక పక్కకు లాగి అలికినట్టు ఉన్నాయా, లేక అన్ని వైపులా సమానంగా మసకగా ఉన్నాయా? ఫ్రేములో పాప కాకుండా ఇంకేదైనా స్పష్టంగా ఉందా?

అలికినట్టు ఉంటే అది కదలిక వల్ల వచ్చిన మసక. షట్టర్ వేగం పెంచితే తగ్గుతుంది. దానికి ఏ ఆటోఫోకస్ మోడూ మందు కాదు. ఈ రెండు రకాల మసకనూ ఒకటే అనుకుని, సంబంధం లేని సెట్టింగులు మారుస్తూ విసిగిపోయినవారిని చాలామందిని చూశాను. అందుకే ముందుగా అడుగుతున్నాను.

తొలివెలుగు

షట్టర్ వేగం సెకనులో వెయ్యో వంతు. అలికినట్టు లేదు, మొత్తం మెత్తగా ఉంది. మీరు అడిగాక మళ్లీ పెద్దదిగా చేసి చూశాను. పాపకు ఒకటి రెండు అడుగులు వెనక నేల మీద గడ్డి చాలా స్పష్టంగా ఉంది. మోడ్ ఏఎఫ్-ఎస్. బటన్ సగం నొక్కగానే పెట్టె ఆకుపచ్చగా మారింది, శబ్దం కూడా వచ్చింది. పాప కాస్త దగ్గరికి రాగానే పూర్తిగా నొక్కాను.

గాజుకన్ను

ఆ గడ్డే మొత్తం కథ చెబుతోంది. మీ కెమెరా సరిగానే ఫోకస్ చేసింది. పాప అప్పుడు ఎక్కడ ఉందో అక్కడే చేసింది. ఫొటో తీసే సమయానికి పాప అక్కడ లేదు.

ఏఎఫ్-ఎస్ అంటే బటన్ సగం నొక్కినప్పుడు దూరాన్ని ఒక్కసారి కొలిచి, లెన్సును అక్కడ బిగించేయడం. మీరు వేలు తీసేదాకా అది కదలదు. ఆ ఆకుపచ్చ పెట్టె, ఆ శబ్దం "బిగించాను" అని చెప్పడానికే. ఇప్పుడు లెక్క చూడండి. పాప సెకనుకు మూడు మీటర్ల వేగంతో వస్తోందనుకుందాం. మీరు అర సెకను ఆగి నొక్కితే ఆలోపు ఒకటిన్నర మీటర్లు ముందుకు వచ్చేస్తుంది. మీ లెన్సు ఎఫ్ 1.8 దగ్గర (ఎఫ్ అంకె చిన్నదయ్యేకొద్దీ లెన్సు రంధ్రం పెద్దదవుతుంది, స్పష్టంగా ఉండే లోతు తగ్గుతుంది), మూడు మీటర్ల దూరంలో స్పష్టంగా ఉంచగలిగేది ముందు వెనకలు కలిపి సుమారు 40 సెంటీమీటర్లు. ఒకటిన్నర మీటర్ల తేడాను 40 సెంటీమీటర్లు ఎలా కప్పిపుచ్చగలవు?

మీరు చూసిన రెండు జాబితాలూ రెండు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. మొదటి జాబితా, అంటే ఏఎఫ్-ఎస్, ఏఎఫ్-సి లాంటివి, "ఎప్పుడు కొలవాలి" అన్నదానికి: ఒక్కసారి కొలిచి ఆపాలా, కొలుస్తూనే ఉండాలా? రెండో జాబితా, అంటే జోన్ (ఫ్రేములో కొంత ప్రాంతం), స్పాట్ (చిన్న బిందువు) లాంటివి, "ఫ్రేములో ఎక్కడ కొలవాలి" అన్నదానికి. ఈ రెండింటికీ సంబంధం లేదు. మీ ఎదురుగా ఉన్నది మీకు దగ్గరగానో దూరంగానో జరుగుతోందా అని చూసి మొదటిది ఎంచుకోండి. దాని చుట్టూ ఏమేం అడ్డున్నాయో చూసి రెండోది ఎంచుకోండి. నాకు తెలిసిన పద్ధతి ఇదే, మిగతా వివరాలన్నీ దీని మీద కట్టుకునేవే.

మీ పాపకు ఏఎఫ్-సి పెట్టండి. బటన్ సగం నొక్కి ఉంచినంతసేపూ కొలుస్తూనే ఉంటుంది, లెన్సును జరుపుతూనే ఉంటుంది. అంతకంటే ముఖ్యం, పాప వేగాన్ని అంచనా వేసి, షట్టర్ తెరుచుకునే క్షణానికి ఎక్కడ ఉంటుందో అక్కడికి ఫోకస్‌ను ముందుగానే తీసుకెళ్తుంది.

పాతఫిల్ము

గాజుకన్ను గారు చెప్పిన ఆ అంచనా చాలా పాత విద్యేనండీ. ఆటోఫోకస్‌ను సింగిల్ లెన్స్ రిఫ్లెక్స్ (లెన్సులోంచి వచ్చే దృశ్యాన్ని అద్దంతో కంటికి చూపే) కెమెరా లోపలే అమర్చి జనంలోకి తెచ్చింది 1985లో వచ్చిన మినోల్టా 7000. మూడేళ్లకు, 1988లో వచ్చిన 7000ఐ, కదిలే వస్తువు తర్వాత ఎక్కడ ఉంటుందో లెక్కగట్టి ఫోకస్ చేసేది. అద్దం పైకి లేచి షట్టర్ తెరుచుకునేలోపు కొంత సమయం పోతుంది కదా, ఆ లోటు పూడ్చడానికే ఆ లెక్క. ఇప్పుడు అద్దం లేకపోయినా ఆ అవసరం పూర్తిగా పోలేదు.

పేర్ల గురించి కూడా చెప్పాలి, లేకపోతే కొత్తవాళ్లు వేరే కంపెనీ కెమెరా గురించి చదివి తికమకపడతారు. కెనాన్ వాళ్లు ఏఎఫ్-ఎస్‌ను వన్ షాట్ అంటారు, ఏఎఫ్-సిని ఏఐ సర్వో అంటారు. మిర్రర్‌లెస్ కెమెరాల్లో దాన్ని సర్వో అని కుదించారు. ఏఎఫ్-ఏకు వాళ్ల దగ్గర ఏఐ ఫోకస్ అని పేరు. ఫుజిఫిల్మ్ కెమెరాల్లో చాలావాటికి ముందు భాగంలో ఎస్, సి, ఎం అని చిన్న మీట ఉంటుంది. నికాన్‌లో ఇంకో చిక్కు. లెన్సు మీద ఏఎఫ్-ఎస్ అని రాసి ఉంటే అది మోడ్ పేరు కాదు, ఆ లెన్సులో నిశ్శబ్దంగా తిరిగే మోటార్ ఉందని గుర్తు. ఆ లెన్సుతో ఏఎఫ్-సి మోడ్ నిక్షేపంగా వాడుకోవచ్చు.

తొలివెలుగు

చాలా స్పష్టంగా అర్థమైంది, ఇద్దరికీ ధన్యవాదాలు. అయితే ఏఎఫ్-ఏ పెట్టేస్తే సరిపోదా? కదిలితే ఏఎఫ్-సి, కదలకపోతే ఏఎఫ్-ఎస్ అని కెమెరానే నిర్ణయించుకుంటుందని పుస్తకంలో ఉంది.

పాతఫిల్ము

వద్దు. కెమెరా నిర్ణయం తీసుకోవడానికి పట్టే ఆ కాస్త సమయంలోనే మీకు కావలసిన క్షణం దాటిపోతుంది.

ఇంటిఆల్బమ్

నేను ఒప్పుకోనండీ. ఇంట్లో పిల్లలు ఒక నిమిషం కూర్చుని, మరో నిమిషం లేచి తిరుగుతుంటారు. ప్రతిసారీ మోడ్ మార్చే తీరిక ఎవరికి ఉంటుంది? నేను చాలాకాలంగా ఏఎఫ్-ఏ మీదే తీస్తున్నాను, చాలా ఫొటోలు బాగానే వస్తున్నాయి. ఫొటోగ్రఫీ వృత్తిగా లేనివారికి అది చక్కటి మార్గం.

గాజుకన్ను

ఇంటిఆల్బమ్ గారి మాటలో న్యాయం ఉంది. నెమ్మదిగా కదిలే పిల్లల విషయంలో అది పని చేస్తుంది. నాకున్న అభ్యంతరం వేరు. మీరు ముఖం మీద ఫోకస్ చేసి, కూర్పు కోసం కెమెరాను కాస్త పక్కకు తిప్పారనుకోండి. ఫోకస్ బిందువు కింద ఉన్న దూరం మారిపోయింది. వస్తువు కదిలిందా, మీరు తిప్పారా అని కెమెరా తేల్చుకోవాలి. కదిలిందని అనుకుంటే మీరు బిగించిన ఫోకస్‌ను వదిలేసి వెనక గోడను పట్టుకుంటుంది. అలా చేసిందని మీకు అప్పుడు తెలియదు, తర్వాత పెద్ద తెర మీద చూసినప్పుడు తెలుస్తుంది. ఒకే పని చేసే మోడ్ పొరబడితే కారణం పట్టుకోవచ్చు. రెండు పనుల్లో ఏది చేసిందో తెలియని మోడ్ పొరబడితే మనం నేర్చుకునేది ఏమీ ఉండదు. నేర్చుకునే దశలో ఉన్నవారికి వద్దనడానికి కారణం అదే.

మైదానం

ఆటల పోటీలు తీస్తుంటాను. తొలివెలుగు గారూ, ఏఎఫ్-సి పెట్టగానే అన్నీ కుదిరిపోతాయని అనుకోకండి. దాన్ని వాడే తీరు కొంచెం వేరు.

మొదటిది, ముందుగా మొదలుపెట్టాలి. పాప దూరంగా ఉన్నప్పుడే సగం నొక్కి, ఆమెను ఫ్రేములో పట్టుకుని వెంబడించండి. కెమెరాకు వేగం తెలియాలంటే కొన్ని కొలతలు అందాలి. ఫొటో తీయాలనుకున్న క్షణంలోనే సగం నొక్కి వెంటనే పూర్తిగా నొక్కితే అంచనాకు ఆధారం ఉండదు, అప్పుడు ఏఎఫ్-సికీ ఏఎఫ్-ఎస్‌కీ పెద్ద తేడా ఉండదు.

రెండోది, శబ్దం కోసం ఎదురుచూడకండి. ఏఎఫ్-సిలో చాలా కెమెరాలు ఫోకస్ కుదిరిందని శబ్దం చేయవు. అది ఎప్పటికీ బిగించదు కాబట్టి "అయిపోయింది" అని చెప్పే సందర్భమే రాదు.

మూడోది మెనూలో లోపల దాక్కుని ఉంటుంది: ప్రాధాన్యం. ఫోకస్ కుదిరితేనే షట్టర్ తెరవాలా, కుదరకపోయినా మీరు నొక్కగానే తెరవాలా అన్నది మీరే నిర్ణయించవచ్చు. నికాన్ డీఎస్‌ఎల్‌ఆర్‌లు (అద్దం ఉన్న డిజిటల్ కెమెరాలు) చాలావాటిలో ఏఎఫ్-ఎస్‌కు ఫోకస్ ప్రాధాన్యం, ఏఎఫ్-సికి షట్టర్ ప్రాధాన్యం మొదటినుంచీ పెట్టి ఉంటాయి. అంటే ఏఎఫ్-సిలో కెమెరా మసక ఫొటోను కూడా అభ్యంతరం లేకుండా తీసేస్తుంది. సోనీలో ఈ రెండింటికీ మధ్యస్థంగా ఒకటి ఉంది. గోల్ పడే క్షణం నాకు కావాలి కాబట్టి షట్టర్‌కే ప్రాధాన్యం ఇస్తాను. పరుగెత్తే పాప విషయంలో ఒక ఫ్రేము ఆలస్యమైనా నష్టం లేదు, మీరు ఫోకస్‌కు ఇవ్వండి.

రెక్కలచప్పుడు

ఇప్పటిదాకా అందరూ "ఎప్పుడు" గురించే మాట్లాడారు, "ఎక్కడ" మిగిలిపోయింది. పక్షులు తీసేవాళ్లకు కష్టమంతా అక్కడే.

కొమ్మల మధ్య కూర్చున్న పక్షిని జోన్‌తో పట్టుకోవాలని చూస్తే కెమెరా ముందున్న ఆకును పట్టుకుంటుంది. వెడల్పాటి ప్రాంతం ఇచ్చినప్పుడు సాధారణంగా దగ్గరగా ఉన్నదాన్నీ, వెలుగునీడల తేడా బలంగా ఉన్నదాన్నీ ఎంచుకోవడం దాని స్వభావం. అక్కడ స్పాట్ కావాలి, అదీ వీలైనంత చిన్నది. అదే పక్షి ఎగిరి ఖాళీ ఆకాశంలోకి వెళ్లిందా, చిన్న బిందువును దాని మీద నిలపడం మనిషి చేతికి చాలా కష్టం. చుట్టూ ఆకాశం తప్ప ఇంకేమీ లేనప్పుడు పెద్ద జోన్ హాయిగా పని చేస్తుంది. ఒకే పక్షి, ఒకే ఏఎఫ్-సి. మారింది నేపథ్యం మాత్రమే.

ఇప్పుడు పక్షుల కన్ను గుర్తుపట్టే కెమెరాలు వచ్చాయి, అద్భుతంగా పని చేస్తాయి. అయినా గడ్డి వెనక దాక్కున్న పక్షి, కన్ను కనిపించకుండా తల తిప్పుకున్న పక్షి వచ్చినప్పుడు మళ్లీ చిన్న బిందువే దిక్కు. అందుకే రెండిటినీ రెండు బటన్లకు కేటాయించుకుంటాను.

బ్యాక్ బటన్ ఫోకస్ గురించి ఎవరూ ఎత్తలేదేమిటి? షట్టర్ బటన్ నుంచి ఫోకస్‌ను తప్పించి, వెనక బొటనవేలి దగ్గరున్న ఏఎఫ్-ఆన్ బటన్‌కు ఇచ్చేయండి. మోడ్‌ను ఏఎఫ్-సిలోనే ఉంచండి. బొటనవేలు నొక్కి ఉంచితే ఏఎఫ్-సి, వదిలేస్తే ఫోకస్ అక్కడే ఆగిపోతుంది కాబట్టి ఏఎఫ్-ఎస్. ఇంటిఆల్బమ్ గారు అడిగిన "మోడ్ మార్చే తీరిక" సమస్యకు నా జవాబు ఇదే. కెనాన్ ఈఓఎస్ 630లో 1989లోనే ఈ సదుపాయం వచ్చింది.

మైదానం

బ్యాక్ బటన్ గొప్ప పద్ధతే, కానీ అందరికీ అదే సరైనదని చెప్పలేను. కెమెరాను ఇంకొకరి చేతికి ఇచ్చి మీ ఫొటో తీయమంటే, వాళ్లు షట్టర్ నొక్కుతారు, ఫోకస్ కాదు. పైగా ఇప్పుడు చాలా కెమెరాల్లో ఫోకస్ బిందువును జరపడానికి చిన్న జాయ్‌స్టిక్ ఉంటుంది, దానికి కూడా ఆ బొటనవేలే కావాలి. పరుగెత్తే ఆటగాడి మీద ఏఎఫ్-ఆన్ నొక్కి ఉంచాలి, బిందువునూ జరపాలి. వేలు ఒక్కటే.

గాజుకన్ను

ఇంకో మాట కలుపుతాను. బ్యాక్ బటన్‌తోనైనా, ఏఎఫ్-ఎస్‌తోనైనా, మధ్య బిందువుతో ఫోకస్ చేసి కెమెరా తిప్పి తీసే అలవాటు ఎఫ్ 1.8 లెన్సుతో ప్రమాదకరం. మీకు ఒకటిన్నర మీటర్ల దూరంలో కూర్చున్న మనిషి కంటి మీద ఫోకస్ చేసి, కెమెరాను 15 డిగ్రీలు తిప్పారనుకోండి. స్పష్టంగా ఉండే తలం కూడా కెమెరాతో పాటే తిరుగుతుంది. దాంతో అది కంటికి సుమారు 5 సెంటీమీటర్లు వెనక్కి పోతుంది. ఆ దూరంలో ఆ లెన్సు డెప్త్ ఆఫ్ ఫీల్డ్ (ముందు వెనకల స్పష్టంగా ఉండే లోతు) మొత్తం కలిపి 10 సెంటీమీటర్లలోపే, అంటే ముందు వైపు ఇంచుమించు 5. కన్ను సరిగ్గా అంచు మీద నిలుస్తుంది. కనుబొమ స్పష్టత తగ్గి చెవి స్పష్టంగా వచ్చే ఫొటోలకు ఇదొక ముఖ్య కారణం. ఎఫ్ 8 దగ్గర ఇదేమీ పట్టించుకోనక్కర్లేదు. ఎఫ్ 1.8 దగ్గర మాత్రం తిప్పడం మానేసి, బిందువునే కంటి మీదికి జరపండి.

తొలివెలుగు

ఏఎఫ్-సి, జోన్, ఫోకస్ ప్రాధాన్యం పెట్టి, మైదానం గారు చెప్పినట్టు దూరం నుంచే వెంబడించాను. తేడా నమ్మలేకపోయాను! పాప జుట్టు ఎగురుతున్న ఫొటోలో కళ్లు సూదిమొనలా వచ్చాయి.

రెండు సందేహాలు మిగిలాయి. పాప బాగా దగ్గరికి వచ్చాక, ఒకటిన్నర మీటర్లలోపు, మళ్లీ తప్పుతున్నాయి. ఇంకోటి, సాయంత్రం గదిలో తక్కువ వెలుగులో ఏఎఫ్-సితో తీస్తే లెన్సు ముందుకూ వెనక్కూ తిరుగుతూ దేన్నీ పట్టుకోవడం లేదు. ఏఎఫ్-ఎస్‌లో వెలిగే చిన్న దీపం కూడా ఏఎఫ్-సిలో వెలగడం లేదు. అది పాడైందా?

మైదానం

దగ్గరికి వచ్చిన పాప సంగతి నేను చెబుతాను. ఆమె వేగం మారలేదు, కానీ దగ్గరయ్యేకొద్దీ అదే ఒక అడుగుకు లెన్సు చాలా ఎక్కువ తిరగాల్సి వస్తుంది. పది మీటర్ల నుంచి తొమ్మిదికి రావడానికీ, రెండు నుంచి ఒకటికి రావడానికీ ఫోకస్ మోటార్ పడే శ్రమలో పోలికే లేదు. దానికి తోడు డెప్త్ ఆఫ్ ఫీల్డ్ కుంచించుకుపోతుంది. ఆ చివరి అడుగుల కోసం ఎఫ్ 4 పెట్టండి. ఒకటిన్నర మీటర్ల దగ్గర 10 సెంటీమీటర్లుగా ఉన్నది 20 దాటుతుంది. లేదా ఆ చివరి అడుగులను వదిలేయండి. పరుగెత్తే పిల్లల ఫొటోలు మూడు నాలుగు మీటర్ల దగ్గరే అందంగా ఉంటాయని నా అభిప్రాయం, కాళ్లూ చేతులూ అన్నీ ఫ్రేములో ఉంటాయి.

పాతఫిల్ము

దీపం పాడవలేదు. చాలా కెమెరాల్లో ఫోకస్ సహాయ దీపం ఏఎఫ్-ఎస్‌లోనే వెలుగుతుంది. నిరంతరం కొలిచే మోడ్‌లో అది నిరంతరం వెలుగుతూ ఉండాలి, ఎదుటివారి కళ్లకు హింస.

లెన్సు అటూ ఇటూ తిరగడానికి కారణం తెలిస్తే దారి కూడా తెలుస్తుంది. ఫేజ్ డిటెక్షన్ అనే పద్ధతి లెన్సు రెండు వైపుల నుంచి వచ్చే కాంతిని పోల్చి చూస్తుంది. రెండు బొమ్మల మధ్య ఉన్న జరుగుబాటును బట్టి ఎటువైపు, ఎంత తిరగాలో దానికి ముందే తెలిసిపోతుంది. కాంట్రాస్ట్ డిటెక్షన్‌కు దిశ తెలియదు. కాస్త జరిపి, స్పష్టత పెరిగిందా తగ్గిందా చూసి, శిఖరం దాటాక వెనక్కి వస్తుంది. చాలా మిర్రర్‌లెస్ కెమెరాలు రెండింటినీ కలిపి వాడతాయి. వెలుగు తగ్గితే మొదటి దానికి పోల్చడానికి తగిన వివరాలు దొరకవు, భారం రెండోదాని మీద పడుతుంది. అప్పుడే ఈ వెతుకులాట.

అందుకని సాదా చొక్కా మీద, నున్నటి చెంప మీద బిందువు పెట్టకండి. కన్ను, జుట్టు అంచు, కాలరు గీత, ఏదైనా తేడా ఉన్న అంచు వెతకండి. ఇంకో కిటుకు. చాలా మిర్రర్‌లెస్ సెన్సర్లు నిలువు గీతలను పట్టినంత బాగా అడ్డగీతలను పట్టలేవు. కిటికీ బ్లైండ్స్ లాంటి అడ్డగీతల మీద ఫోకస్ కుదరకపోతే కెమెరాను కొంచెం ఏటవాలుగా తిప్పి చూడండి, టక్కున పట్టుకుంటుంది. కదలని మనిషి అయితే చీకట్లో ఏఎఫ్-ఎస్‌కు మారిపోండి.

సూక్ష్మదృష్టి

పూలు, పురుగులు తీసేవారి తరఫున ఒక్క మాట. వస్తువు అసలు పరిమాణంలోనే సెన్సర్ మీద పడేంత దగ్గరికి వెళ్లినప్పుడు ఎఫ్ 8 పెట్టినా డెప్త్ ఆఫ్ ఫీల్డ్ దాదాపు ఒక మిల్లీమీటరు. అక్కడ మన ఊపిరికే ఫోకస్ తప్పుతుంది. ఏఎఫ్-ఎస్ బిగించేలోపు మనమే కదిలిపోతాం. ఎంఎఫ్ పెట్టి, కావలసిన పరిమాణానికి రింగు తిప్పి ఆపేసి, తర్వాత శరీరాన్నే అతి నెమ్మదిగా ముందుకు వంచుతూ వరుసగా కొన్ని ఫ్రేములు తీయడం నా పద్ధతి. ఆటోఫోకస్ చర్చలో మాన్యువల్ గురించి చెప్పక తప్పలేదు, ఎందుకంటే మాక్రోలో, అంటే ఇలాంటి అతి దగ్గరి ఫొటోల్లో, అదే వేగమైనది.

ఇంటిఆల్బమ్

ఈ చర్చ చదివాక ఒక బటన్‌కు ఏఎఫ్-సి కేటాయించుకున్నాను, మిగతా సమయాల్లో ఏఎఫ్-ఏ అలాగే ఉంచుతున్నాను. ఒక ప్రశ్న. పిల్లలు నలుగురైదుగురు కలిసి పరుగెత్తుతుంటే ముఖ గుర్తింపు ఒకరి నుంచి ఇంకొకరికి దూకుతోంది. నాకు కావలసిన బిడ్డ మీదే నిలపడం ఎలా?

రెక్కలచప్పుడు

గుంపుగా ఎగిరే పక్షుల దగ్గరా ఇదే సమస్య. వైడ్‌తో మొదలుపెడితే ఎంపిక కెమెరాది అయిపోతుంది. ట్రాకింగ్‌ను చిన్న బిందువుతో మొదలయ్యేలా పెట్టండి. సోనీలో ట్రాకింగ్ స్పాట్, నికాన్‌లో 3డి ట్రాకింగ్ ఆ పని చేస్తాయి. ఆ బిందువును మీకు కావలసిన బిడ్డ మీద ఉంచి సగం నొక్కండి. అక్కడి నుంచి కెమెరా ఆ బిడ్డనే వెంబడిస్తుంది. మధ్యలో వేలు తీస్తే ఎంపిక మళ్లీ మొదటికి వస్తుంది.

ఆ తర్వాత మెనూలో ట్రాకింగ్ సున్నితత్వం అనే సెట్టింగు చూడండి. కొన్ని కెమెరాల్లో అంకెలుగా, కొన్నింటిలో "బిగువు", "చురుకు" అనే అర్థమిచ్చే పదాలుగా ఉంటుంది. దాన్ని బిగువు వైపు జరిపితే, ఇంకో పిల్లవాడు అడ్డంగా పరుగెత్తినా కెమెరా వెంటనే అతని మీదికి దూకకుండా కాసేపు ఓపిక పడుతుంది. పూర్తిగా చివరికి జరపకండి. అప్పుడు పొరపాటున వేరే పిల్లవాడిని పట్టుకున్నా అంతే మొండిగా వదలదు.